టెంక కొత్తకి ముందు తొమ్మిది రోజులు

మా ఊరికి మెడికల్ క్యాంపు వచ్చిన సోమవారం నాడు డాక్టరు బల్ల మీద పదకొండు కాగితాలు ఉన్నాయి. జబ్బుపడ్డవాళ్ళు పదకొండు మంది కాబట్టి లెక్క సరిపోయింది. కానీ ఇంకా ఎవరూ కుర్చీలో కూర్చోకముందే ఆ కాగితాల్లో ఆరో ప్రశ్న పక్కన టిక్కు పడి ఉంది. పై కాగితం మీద చూశాను. గాలికి అంచులు లేచినప్పుడు కిందివాటి మీదా చూశాను. అన్నింటికీ ఒకటే నీలం పెన్ను. ఆరో ప్రశ్న ఇది: మామిడి టెంక అంబలి తాగారా?

నేను ముప్పై ఒక్క ఏళ్ళు అంగన్‌వాడీలో రిజిస్టర్లు రాసినదాన్ని. అడిగి రాసిన గడికీ అడక్కుండా నింపిన గడికీ తేడా నాకు తెలుసు. అడిగి రాసినవి ఒక్కోటి ఒక్కోలా ఉంటాయి. అడక్కుండా నింపినవన్నీ ఒకే ఎత్తులో, ఒకే వంపులో ఉంటాయి. తనిఖీ వస్తోందని తెలిసి నేనూ ఒకటి రెండుసార్లు అలా నింపాను. అందుకే గుర్తుపట్టాను.

మాది హుకుంపేట రోడ్డు నుంచి గంట నడక లోపలికి ఉన్న ఊరు. ఇరవై మూడు గడపలు. పద్నాలుగు గడపల వాళ్ళు పైనున్న ఊటగెడ్డ నీళ్ళు తెచ్చుకుంటారు. దిగువనున్న తొమ్మిది గడపలకీ బోరింగు దగ్గర. ఊటకి పైన కొండని రెండేళ్ళుగా రోడ్డు రాయి కోసం కొడుతున్నారు. మొదటి ఏడాది దుమ్ము వచ్చింది. కాఫీ ఆకులు తెల్లబడ్డాయి, ముసలివాళ్ళకి దగ్గు పెరిగింది. మేము అడిగితే ట్యాంకరుతో నీళ్ళు చల్లిస్తామన్నారు. ఆ ట్యాంకరు ఎన్నిసార్లు వచ్చిందో నా పుస్తకంలో ఉంది: నాలుగుసార్లు. ఈ ఎండాకాలంలో క్వారీ కూలీల గుడిసెలు కొండ అవతలి పక్క నుంచి ఇవతలికి, ఊట నెత్తి మీదకి మార్చారు. ఎందుకు మార్చారో మాకెవరూ చెప్పలేదు. మేమూ అడగలేదు. అది మా తప్పు.

పని మానేశాక కూడా నాకు రాసే అలవాటు పోలేదు. ఒక పొడుగు పుస్తకంలో వాన పడిన రోజు, కోడిని పొదగేసిన రోజు, కొత్తల రోజులు, ప్రతి నెలా ఒకటో తారీఖున మనవరాలి బరువు రాస్తాను. జబ్బు కూడా అలాగే రాశాను. ఆషాఢంలో ఒక బుధవారం రెండిళ్ళలో వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. ఆదివారానికి ఏడు గడపల్లో పదకొండు మంది. మా గుంటకి లక్ష్మివారం పొద్దున పట్టుకుంది. ఇరవై నెలల పిల్ల. మధ్యాహ్నానికి కళ్ళు లోపలికి పోయాయి. నా కొడుకు విశాఖపట్నంలో బిల్డింగు పనిలో ఉన్నాడు. కోడలు పిల్లని వీపున కట్టుకుని రోడ్డు దాకా నడిచింది. నేను వెనకాల గొడుగు పట్టుకుని నడిచాను. ఆటోలో అరకు ఆస్పత్రికి వెళ్ళాం. రెండు రోజులు సెలైను ఎక్కించారు. అక్కడి నర్సు పిల్లని తూచింది: ఎనిమిది కిలోల వంద. ఆ నెల ఒకటో తారీఖున నేను తూచినప్పుడు తొమ్మిది కిలోల రెండు వందలు.

ఆస్పత్రి నుంచి కోడలు మా ఊరు రాలేదు. అటు నుంచి అటే కన్నారింటికి వెళ్ళిపోయింది. ఆటో ఎక్కుతూ నాతో ఒక్క మాటే అంది.

"తిండి వల్లయితే నేను పెట్టను, నీళ్ళ వల్లయితే నేను తాపను. ఏదో ఒకటి తేల్సి సెప్పత్తా. అప్పుడొత్తాను."

అందుకే ఆ సోమవారం నేను డాక్టరు బల్ల దగ్గర అంతసేపు నిలబడ్డాను. నాకు కావలసినది ఒక్క జవాబు. ఆ జవాబు ఆయన కాగితాల్లో ముందే రాసి తెచ్చుకున్నాడు.

"మేమింకా టెంక ముట్టలేదు బాబూ. టెంక కొత్త అవలేదు," అన్నాను.

ఆయన మైదానం మనిషి, కొత్త అంటే ఏమిటో తెలియదు. చెప్పాను. మా కొండల్లో సామ గానీ, కొర్ర గానీ, చిక్కుడు గానీ, మామిడి గానీ, ఆ ఏటి కొత్త పంటని దేవతకి పెట్టకుండా నోట్లో వేసుకోము. దిసారి రోజు చూస్తాడు, పూజారి పెడతాడు, ఆ రోజు నుంచి ఊరంతా ఒకేసారి తింటుంది. మా ఊళ్ళో మామిడి పండుకి ఒక కొత్త, వానల్లో దాని టెంకకి ఇంకో కొత్త. ఆ రెండోది ఇంకా రాబోయే శుక్రవారం.

"మరి గెడ్డలో ఆరు బుట్టల టెంక జీడి నానబెట్టి ఉందేంటమ్మా? ఫోటో కూడా తీశాను. తినకపోతే ఎందుకు నానబెట్టారు?"

"మీ ఇంట్లో దోసెల పప్పు ఎప్పుడు నానబోస్తారు బాబూ, దోసెలు తిన్నాకా?"

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు నవ్వారు. డాక్టరు కూడా కొంచెం నవ్వాడు. టెంక లోపలి జీడికి వగరు పోవాలంటే పారే నీళ్ళలో రోజుల తరబడి ఉంచాలని, కొత్త నాటికి సిద్ధంగా ఉండాలంటే ముందే వేసుకోవాలని నేను చెబుతుంటే తల ఊపుతూ విన్నాడు. కానీ టిక్కు కొట్టేయలేదు.

మర్నాడు క్వారీ సూపర్‌వైజరు వచ్చాడు. మంచి చొక్కా, మంచి మాట. ఊరందరికీ టెంకలు ఆరబోసుకోడానికి ఒక్కో టార్పాలిన్, నీళ్ళకి నీలం డ్రమ్ములు ఇస్తామన్నాడు. ఆదివారం బడి వరండాలో మీటింగు పెడతామని, ఇంటికొకరు ఒక కాగితం మీద వేలిముద్ర వేస్తే చాలని చెప్పాడు. కాగితం నాకిచ్చాడు, చదివి వినిపించమని. ఊళ్ళో మొన్న వచ్చిన జబ్బు టెంక అంబలి తాగడం వల్ల వచ్చిందని, ఊటనీటికీ క్వారీ క్యాంపుకీ దానితో సంబంధం లేదని అందులో ఉంది.

రెండుసార్లు చదివాను. అంతవరకూ మాలో ఎవరమూ నీళ్ళ మాట ఎత్తలేదు. క్యాంపు మాట అసలే ఎత్తలేదు. ఎవరూ అడగని దానికి ఆయన ముందే కాదని ఎందుకు రాసి తెచ్చాడు? అప్పుడే మొదటిసారి తలెత్తి కొండ మీది గుడిసెలవైపు చూశాను.

"టీచరమ్మగారూ, మీరు చదువుకున్నవారు. ఊరికి జరిగే మంచిని చెడగొట్టకండి," అన్నాడు సూపర్‌వైజరు. నేనింకా ఏమీ అనలేదు. అది కూడా పుస్తకంలో రాసుకున్నాను.

కానీ అనుమానం ఒక పక్కకే చూస్తే అది లెక్క కాదు. కొత్తకి ముందు టెంక తాగినవాళ్ళు ఎవరైనా ఉంటే ఆ సంగతి ఊళ్ళో ఎవరూ ఒప్పుకోరు. ప్రాణం పోతున్నా ఒప్పుకోరు. డాక్టరు అడిగినప్పుడు ఏడు గడపల వాళ్ళూ లేదనే అన్నారు, నిజంగా తాగనివాళ్ళు ఎలా అంటారో తాగినవాళ్ళూ అలాగే అంటారు. అందుకని ముందు నా ఇంటితోనే మొదలుపెట్టాను. నా బుట్టలో మూడు కుంచాల జీడి కొలిచి వేశాను. దాన్ని గెడ్డలోంచి తీసి పొయ్యి మీది అటకపై రెండు రోజులు ఆరబెట్టి మళ్ళీ కొలిచాను. ఒక గుప్పెడు తక్కువొచ్చింది. నానితే ఆ మాత్రం తరుగుతుందని నాకు తెలుసు. తెలిసి కూడా ఫోను పట్టుకుని, సిగ్నల్ దొరికే బండ ఎక్కి, కోడలికి ఫోను చేశాను. బుట్ట కొలిస్తే గుప్పెడు తక్కువొచ్చిందని చెప్పి, గుంటకి టెంక పెట్టావా అని అడిగాను.

"నువ్వు కొలిసింది బుట్టనా, నన్నా అత్తా?" అని పెట్టేసింది. తరవాత మూడు రోజులు ఎత్తలేదు.

ఆ మూడు రోజుల్లో మొదటి రోజు నేను కొండ ఎక్కాను. మోకాళ్ళకి నూనె రాసుకుని, కర్ర పట్టుకుని, పొద్దున ఏడింటికి బయలుదేరితే తొమ్మిదయింది. పద్దెనిమిది టార్పాలిన్ గుడిసెలు. మరుగుదొడ్డి ఒకటే ఉంది, రేకులది, దానికి తాళం. అది సూపర్‌వైజరుదట. మిగతా మనుషులు ఎటు వెళతారో అడగనక్కర్లేదు. అడుగుల దారి గుడిసెల వెనక నుంచి వాగు పాయలోకి దిగింది. ఆ పాయ వాన పడితే ఎటు పారుతుందో నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. నేను నడిచిన కాలిబాట పక్కనే మా ఊటలోకి పారుతుంది.

వంట చేసే ఆవిడ ఒడిశా నుంచి వచ్చిన మనిషి. సగం తెలుగు, సగం వాళ్ళ మాట. పొట్లాట పెట్టుకోడానికి వచ్చానేమోనని మొదట ముఖం తిప్పుకుంది. వక్కాకు ఇచ్చాక కూర్చుంది. మీ వాళ్ళకీ విరేచనాలు పట్టాయా అని అడిగాను. చాలామందికి పట్టాయంది. ఎప్పుడు? ఆమెకి తారీఖులు లేవు. కానీ సరుకుల బండి వచ్చిన నాడు దింపుకోడానికి మగవాళ్ళు లేవలేకపోతే తానే బియ్యం బస్తాలు ఈడ్చుకున్నానని చెప్పింది. బండి శనివారాలు వస్తుంది. ఏ శనివారం? రాత్రంతా పెద్ద వాన పడిన శనివారం. ఆ వాన నా పుస్తకంలో ఉంది. మా ఊళ్ళో మొదటి వాంతికి నాలుగు రోజుల ముందు.

మీరు టెంక తింటారా అని అడిగాను. అదేమిటని ఆమె నన్ను అడిగింది. అన్నం, బంగాళాదుంప, పప్పు, వాళ్ళ తిండి అంతే.

దిగేటప్పుడు నా మనసులో లెక్క ఇంచుమించు పూర్తయింది. ఒక్కటే కుదరలేదు. జబ్బుపడ్డ ఏడు గడపల్లో ఆరు ఊటనీళ్ళవి, తొమ్మిది మంది. ఏడోది దిగువనున్న ఇల్లు, బోరింగు నీళ్ళది. అక్కడ ఇద్దరు. ఊటనీళ్ళు తాగనివాళ్ళకి ఎలా వచ్చింది? ఆ ఒక్క ఇంటితో నా లెక్కంతా పోతుంది, డాక్టరు టిక్కు నిలబడుతుంది. పైగా అది పూజారి ఇల్లు. కొత్త పెట్టే చేతులే ముందు తిన్నాయా అని ఊళ్ళో ఎవరు అడుగుతారు?

ఒక పూట ఆ ఇంటిని వదిలేద్దామనుకున్నాను. పది మందిలో ఇద్దరిని పక్కన పెట్టి, మిగతాదే లెక్కని చెప్పేవాళ్ళని నేను చాలామందిని చూశాను. నాకు వాళ్ళంటే గౌరవం లేదు. కోడలికి అలాంటి లెక్క చెప్పి పిల్లని రప్పిస్తే, రేపు మళ్ళీ కళ్ళు లోపలికి పోతే ఎవరిని అడగను?

శుక్రవారం కొత్త అయింది. ఊరంతా టెంక అంబలి తాగింది, నేనూ తాగాను. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. పూజారి మా ఆయనకి పెదనాన్న కొడుకు, నాకు బావ వరస. ఆయన భార్యని అప్ప అంటాను. ఆవిడ వాకిట్లో అడ్డాకులు కుడుతోంది. నా చేతిలో పుస్తకం చూడగానే పుల్ల గుచ్చడం ఆపింది.

"ఏటి, మాయింటోళ్ళం దొంగతనంగా టెంక తాగినామని రాసుకోడానికొచ్చినావా?"

"రాసుకోడానిక్కాదప్పా, రాయకుండా ఉండడానికొచ్చినాను. మీరు బోరింగు నీళ్ళోళ్ళు కదా. మీకెలాగొచ్చింది?"

"మాకు ఇద్దరికే వచ్చింది. ఇంట్లో ఏడుగురున్నాం. దొంగతిండి తింటే ముందు గుంటలు తింటారా, ముసిలోళ్ళు తింటారా?"

అది నాకు తట్టలేదు. ఆ ఇంట్లో ముగ్గురు పిల్లలు. ఒక్కరికీ ఏమీ కాలేదు. ఆ ఇద్దరూ ఎవరంటే బావ, అప్ప. నేను ఇళ్ళు లెక్కపెట్టాను, మనుషుల్ని లెక్కపెట్టాను, ఏ ఇంట్లో ఎవరన్నది చూడలేదు. అప్ప నా ముఖం చూసి ఆకు కింద పెట్టింది.

"ముందర కొత్త ఎప్పుడనుకున్నారే? లచ్చీవారం కాదేటి? ఆదివారం నుంచి మేమిద్దరం నేమం, నిష్టలో కూకున్నాం. నేమంలో బోరింగు ఇనప నీళ్ళు తాగుతామేటి? కొత్త అయిందాక ఊటనీళ్ళే. మా కుండ వేరు, మా పొయ్యి వేరు. మంగళారం కబురొచ్చింది, పక్కూళ్ళో సావు, మైల, కొత్త ఎనక్కి పోయిందని. నేమం ఇప్పేసినాం. లచ్చీవారం ఇద్దరం పడిపోనాం."

పుస్తకం తీశాను. జబ్బు మొదలైన వారంలోనే లక్ష్మివారం దగ్గర 'టెంక కొత్త' అని నా రాతే ఉంది. దాని మీద అడ్డంగా గీత కొట్టేసి ఉంది. కింద మళ్ళీ శుక్రవారం దగ్గర రాశాను. ఆ గీత ఎంత గట్టిగా కొట్టానంటే వెనక కాగితం మీద కూడా పడింది. జరగని పండగని కొట్టేశాను సరే, ఆ పండగ కోసం వాళ్ళు పట్టిన మూడు రోజుల నేమం జరిగిందే కదా. దాన్నీ కలిపి కొట్టేశాను.

"రెండో నేమంలో?" అని అడిగాను.

"ఈపాలి కాగబెట్టి తాగినాం. మీ బావకి ఇష్టం లేదు. నేనే కాగబెట్టినాను." మళ్ళీ ఆకు అందుకుంది. "అనుమానం పెట్టుకుంటే పెట్టుకున్నావు గానీ, బేగి రావాల. ఇన్నాళ్ళూ ఊరంతా మా గుమ్మం వైపు ఓరగా సూత్తంటే నువ్వూ సూత్తన్నావనుకున్నాను."

చూశాను. ఒక కట్ట ఆకులు కుట్టి ఇచ్చి వచ్చాను.

శనివారం పొద్దున ఊట దగ్గరికి వెళితే బ్లీచింగు వాసన. రాళ్ళ సందుల్లో తెల్లని ఉండలు ఇంకా కరగలేదు. తెల్లారుతుండగా క్వారీ క్యాంపు మనిషి ఒకడు సంచితో దిగి వెళ్ళాడని నీళ్ళకి వచ్చిన ఆడవాళ్ళు చెప్పారు. పదింటికి నీళ్ళ పరీక్షకి సీసాలతో ఇద్దరు వచ్చారు. నేను ఆ ఉండలు చూపించాను. సీసా నింపి పంపడమే తమ పని అన్నారు. అబద్ధమేమీ కాదు. కానీ వాళ్ళు వస్తున్నారని మాకు తెలియదు. సంచి మోసినవాడికి తెలుసు. ఆ సీసాల ఫలితం తరవాత వచ్చింది: నీరు తాగడానికి పనికొస్తుంది. ఆ పూట నీళ్ళకి అది నిజమే అయి ఉంటుంది.

ఆదివారం మీటింగుకి సూపర్‌వైజరు టార్పాలిన్లు జీపులో తెచ్చి వరండా మీద కుప్ప పోయించాడు. ఇరవై మూడు ఉన్నాయి. నేను లేచి తారీఖులన్నీ చదివాను: క్వారీ క్యాంపులో జబ్బు శనివారం, నేమం ఆదివారం, మొదటి వాంతి బుధవారం, కొత్త దానికి తొమ్మిది రోజుల తరవాత. జనం విన్నారు. కానీ వాళ్ళ కళ్ళు టార్పాలిన్ల మీద ఉన్నాయి. వానాకాలం, తప్పు పట్టను. నేను కూర్చున్నాక కూడా స్టాంపు ప్యాడు చేతులు మారుతూనే ఉంది. మొదటి ముద్ర పూజారిదే ఉండాలని అది ఆయన దగ్గరికి వచ్చి ఆగింది.

"నేను ఎయ్యను," అన్నాడు బావ. "నేమంలో ఊటనీళ్ళు తాగి నేనూ నా ఆడదీ పడ్డాం. టెంక మా నోటికి తగల్లేదు. ఇందులో ఏలేత్తే కొత్తకి ముందర తిన్నామని నేనే సెప్పినట్టు."

"ఉత్త కాగితమే కదా పెద్దాయనా," అన్నాడు సూపర్‌వైజరు.

"కాగితం నీది. కొత్త మాది."

బావ ప్యాడు మూత పెట్టేశాడు. ఆయన వెనక ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే చేతులు పంచెలకి తుడుచుకున్నారు. ముందే వేలు ముంచినవాడు ఒకడుంటే, వాడి వేలు కడిగి తెచ్చుకోమని ఎవరో అన్నారు. ఏ నీళ్ళతోనని వాడు అడిగాడు. నవ్వులు లేచాయి. టార్పాలిన్లు మళ్ళీ జీపెక్కాయి. నాలుగు నీలం డ్రమ్ములు మాత్రం, మరిచిపోయారో ఏమో, ఉండిపోయాయి.

ఊరు నా లెక్క చూసి వెనక్కి తగ్గిందని చెప్పుకోను. ఆ కాగితంలో టెంక అని కాకుండా పాచిపోయిన అన్నం అని రాసి ఉంటే ఆ సాయంత్రానికి ఇరవై మూడు వేలిముద్రలూ పడేవని నాకిప్పటికీ అనుమానం.

ఆ సాయంత్రం బండ ఎక్కి కోడలికి ఫోను చేశాను. ఎత్తింది.

"నీళ్ళే," అన్నాను. "నిన్ను అడిగింది తప్పు."

"అయితే రమ్మంటావా?"

ఇంట్లో పిల్ల లేక నాకు పొద్దు గడవడం లేదు. అయినా వద్దన్నాను. గుడిసెలు అక్కడే ఉన్నాయి, పాయ అక్కడే ఉంది.

తారీఖులన్నీ ఒక అర్జీగా రాసి సోమవారం అర్జీలు తీసుకునే చోట ఇచ్చి రసీదు తెచ్చుకున్నాను. మూడు వారాలు ఎవరూ రాలేదు. నాలుగో వారం కొండ మీద అవతలి వాలులో ఆరు గోతులు తవ్వి, చుట్టూ గోనెలు కట్టారు. సూపర్‌వైజరు నన్ను పిలిచి మరీ చూపించాడు. నేను ప్రతి శనివారం ఎక్కి చూస్తున్నాను. గోతుల వైపు దారి సన్నగా ఉంది. పాయ వైపు దారి ఇంకా గడ్డి మొలవకుండానే ఉంది. వానలో అంత దూరం ఎవరు పోతారని వంటావిడ అంది. ఇప్పుడు పద్నాలుగు గడపల్లో పది బోరింగుకే వెళుతున్నాయి. నాకు మూడు వందల నలభై అడుగుల దూరం, రోజుకి మూడు బిందెలు. పిల్ల కోసం వేరే కుండ కొని, మూత పెట్టి, నేను వాడకుండా రోజూ కొత్త నీళ్ళు నింపి ఉంచుతున్నాను.

కొర్ర కొత్తకి ముందు రోజు కోడలు చెప్పకుండా వచ్చింది. పిల్లని చూడగానే కిరాణా కొట్టుకి తీసుకెళ్ళి కాటా మీద కూర్చోబెట్టాను: తొమ్మిది కిలోల వంద. పోయిన దానికి ఇంకా వంద గ్రాములు తక్కువ. ఇంటికొచ్చాక కోడలు నేరుగా కుండ దగ్గరికి వెళ్ళి, మూత తీసి, ఒంగి వాసన చూసింది.

"ఏ పూట నీళ్ళివి?"

"పొద్దున్నవి. బోరింగువి. కాగబెట్టి వడగట్టినాను."

ఆ నీళ్ళు గిన్నెలోకి వంచి, పొయ్యి మీద పెట్టి, మళ్ళీ కాగబెట్టింది. పొంగు వచ్చేదాకా పక్కనే నిలబడి చూసింది. నేను పిల్లని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.